ఆపరేటింగ్ సిస్టమ్ మార్పు తరువాత పాత ప్రోగ్రాములు, పాత రికార్డులు: కార్యాలయాలు తెలుసుకోవలసిన విషయాలు

విండోస్ 10 ఆపరేటింగ్ సిస్టమ్‌కు మైక్రోసాఫ్ట్ సంస్థ అందిస్తూ వచ్చిన సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14వ తేదీతో ముగిసింది. అంతకు ముందు విండోస్ ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8న, విండోస్ 7కు 2020 జనవరి 14న ఇదే విధంగా మద్దతు నిలిచిపోయింది. మద్దతు నిలిచిన ఆపరేటింగ్ సిస్టమ్‌లో కొత్తగా బయటపడే భద్రతా లోపాలను సరిదిద్దే ఫైళ్ళు అందవు గనుక, ఇంటర్నెట్‌తో సంబంధం ఉన్న కంప్యూటర్లను కొత్త వెర్షన్‌కు మార్చుకోవడం తప్పనిసరి అవుతున్నది. అయితే మార్పు జరిగిన మరునాడు చాలా కార్యాలయాలలో ఒకే రకమైన దృశ్యం ఎదురవుతుంది. జీతాల బిల్లులు తయారుచేసే ప్రోగ్రాము తెరుచుకోదు. ఏళ్ళ తరబడి పనిచేసిన డాట్ మాట్రిక్స్ ప్రింటరు కదలదు. తెలుగులో ఉండవలసిన జాబితా అర్థంకాని ఇంగ్లీషు అక్షరాల వరుసగా కనిపిస్తుంది.

ప్రోగ్రాము తెరుచుకోకపోవడం కంటికి కనిపించే ఇబ్బంది. అంతకన్నా పెద్దది ఆ ప్రోగ్రాములో నమోదై ఉన్న రికార్డుల భద్రత. ఉద్యోగుల సర్వీసు వివరాలు, సహకార సంఘాల సభ్యుల వాటాలు, పాఠశాలల ప్రవేశ రిజిస్టర్లు వంటివి ఎప్పుడో కంప్యూటరులోకి ఎక్కి, కాగితపు ప్రతులు శిథిలమైన చోట అక్కడ మాత్రమే మిగిలి ఉంటాయి. పదవీ విరమణ చేయబోయే ఉద్యోగికి కావలసినది పాత ప్రోగ్రాము కాదు, తన సర్వీసు లెక్క. అందువల్ల మరమ్మతు ఏదైనా మొదలుపెట్టడానికి ముందే, డేటా ఉన్న ఫోల్డరు యావత్తును వేరొక హార్డ్ డిస్కులోకి నకలు తీసి, ఆ నకలు మరొక కంప్యూటరులో తెరుచుకొంటున్నదో లేదో సరిచూచుకోవలసి ఉంటుంది. ఈ పని పూర్తయ్యే వరకు పాత కంప్యూటరును కండెమ్ చేయడం గాని, దాని డిస్కును ఫార్మాట్ చేయడం గాని తగదు.

ప్రోగ్రాము ఏ తరానికి చెందినది

పాత ప్రోగ్రాములన్నీ ఒకే కారణం వల్ల ఆగిపోవు. మొదట తెలుసుకోవలసినది ఆ ప్రోగ్రాము 16 బిట్‌దా, 32 బిట్‌దా అన్న విషయం. డాస్ మీద నడిచినవి, 1992లో వచ్చిన విండోస్ 3.1 కోసం తయారైనవి చాలావరకు 16 బిట్ ప్రోగ్రాములు. 1995లో విండోస్ 95 వచ్చిన తరువాత తయారైనవి ఎక్కువగా 32 బిట్‌వి. 32 బిట్ విండోస్‌లో 16 బిట్ ప్రోగ్రాములను నడిపే ఏర్పాటు విండోస్ 10 వరకు కొనసాగింది. 64 బిట్ విండోస్‌లో ఆ ఏర్పాటు ఏనాడూ లేదు. ప్రాసెసరు 64 బిట్ పద్ధతిలో పనిచేస్తున్నప్పుడు, డాస్ ప్రోగ్రాములకు అవసరమైన వర్చువల్ 8086 అనే స్థితి అందుబాటులో ఉండకపోవడం ఇందుకు ముఖ్య కారణం. 2021 అక్టోబరు 5న విడుదలైన విండోస్ 11 కేవలం 64 బిట్ రూపంలోనే వచ్చింది. కనుక డాస్ కాలపు ఫాక్స్‌ప్రో, క్లిప్పర్ ప్రోగ్రాములు అందులో నేరుగా నడవవు. ఏ అమరికను మార్చినా ఫలితం ఉండదు. దానిపై కాలం వెచ్చించడం వృథా.

ఇందులో ఒక మెలిక ఉన్నది. 1990ల చివరిలో వచ్చిన కొన్ని ప్రోగ్రాములు స్వయంగా 32 బిట్‌వే అయినప్పటికీ, వాటిని ఇన్‌స్టాల్ చేసే సెటప్ ఫైలు మాత్రం 16 బిట్‌ది అయి ఉంటుంది. సీడీ పెట్టి సెటప్ నొక్కగానే ఇది ఈ కంప్యూటరులో నడవదనే సందేశం వస్తుంది. దాంతో ప్రోగ్రామే పనికిరాదని సిబ్బంది భావించి సీడీని పక్కన పడవేస్తారు. బాగా వాడుకలో ఉండిన కొన్ని పాత సెటప్ ఫైళ్ళను 64 బిట్ విండోస్ తానే గుర్తించి, వాటికి బదులు తన వద్ద ఉన్న 32 బిట్ సెటప్‌ను నడుపుతుంది. అది జరగని చోట పాత కంప్యూటరులోని ఫోల్డరును, దాని సహాయక ఫైళ్ళతో సహా తెచ్చుకొని ప్రయత్నించవచ్చును.

డాస్ ప్రోగ్రామును తప్పనిసరిగా నడపవలసి వస్తే, డాస్ యంత్రాన్ని అనుకరించే ప్రోగ్రాములు ఉన్నాయి. వీటిలో పేరుపొందిన డాస్‌బాక్స్ ప్రధానంగా పాత ఆటల కోసం రూపొందినది. ముద్రణ వంటి కార్యాలయ అవసరాలకు డాస్‌బాక్స్-ఎక్స్, వీడాస్ వంటివి మరింత అనువైనవి. పలువురు ఒకేసారి ఒకే ఫైలులో నమోదులు చేసే పద్ధతికి ఇటువంటి అనుకరణలను నమ్ముకోవడం క్షేమకరం కాదు. పాత రికార్డును వెదికి చూచుకోవడానికి వాడుకోవడం వేరు, రోజువారీ నమోదులకు వాడుకోవడం వేరు.

ఈ సమస్య విండోస్‌కే పరిమితం కాదు. యాపిల్ సంస్థ 2019 అక్టోబరులో విడుదల చేసిన మ్యాక్ ఓఎస్ కాటలీనాతో ఆ కంప్యూటర్లలో 32 బిట్ ప్రోగ్రాములన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. విండోస్ 11లో మాత్రం 32 బిట్ ప్రోగ్రాములకు చోటు ఉన్నది. ఇక్కడ పేర్లు తికమక పెట్టే విధంగా ఉన్నందున ఒక మాట చెప్పవలసి ఉన్నది: 64 బిట్ విండోస్‌లో సిస్టమ్32 అనే ఫోల్డరులో 64 బిట్ ఫైళ్ళు, సిస్‌వావ్64 అనే ఫోల్డరులో 32 బిట్ ఫైళ్ళు ఉంటాయి. పేరును చూచి ఫైలును పొరపాటు ఫోల్డరులో వేసి, పని కాలేదని వాపోయేవారు అనేకులు.

కంపాటిబిలిటీ అమరిక చేసే పని

32 బిట్ ప్రోగ్రాము మొరాయిస్తే, దాని గుర్తుపై మౌస్ కుడి బటన్ నొక్కి, ప్రాపర్టీస్‌లోని కంపాటిబిలిటీ భాగంలో విండోస్ 95 మొదలు విండోస్ 8 వరకు ఏదో ఒక పాత వెర్షన్‌ను ఎంచుకొనే సౌకర్యం ఉన్నది. ఈ అమరిక చేసే ముఖ్యమైన పనులలో ఒకటి ప్రోగ్రాముకు అబద్ధం చెప్పడమే. ప్రోగ్రాము తాను ఏ విండోస్‌పై ఉన్నానని అడిగినప్పుడు, ఎంచుకొన్న పాత వెర్షన్ సంఖ్యను విండోస్ జవాబుగా ఇస్తుంది. వెర్షన్ సంఖ్యను సరిగా పోల్చడం తెలియని ప్రోగ్రాములు ఎన్నో ఉన్నందున ఈ అవసరం ఏర్పడింది. విస్టా సంఖ్య 6.0 కాగా, దాని తరువాత వచ్చిన విండోస్ 7 అంతర్గత సంఖ్య 7 కాక 6.1 కావడానికి, విండోస్ 11 నేటికీ లోలోపల తనను 10.0గానే చెప్పుకోవడానికి పాత ప్రోగ్రాములు తడబడకుండా చూడవలసిన అవసరమే ప్రధాన కారణం. విండోస్ 95 రూపకల్పన సమయంలో సిమ్‌సిటీ అనే ఆట, తాను తిరిగి అప్పగించిన మెమరీని మళ్ళీ చదువుతున్నదని గమనించి, ఆ ఆట నడుస్తున్నప్పుడు మాత్రం మెమరీని వేరే విధంగా నిర్వహించే ఏర్పాటును విండోస్‌లోనే చేర్చిన ఉదంతం సాఫ్ట్‌వేర్ రంగంలో ప్రసిద్ధమైనది.

ఈ అమరిక వల్ల 16 బిట్ ప్రోగ్రాములకు గాని, పరికరాల డ్రైవర్లకు గాని ప్రయోజనం ఉండదు. అక్షరాలు మరీ చిన్నవిగా, మసకగా కనిపించే పాత ప్రోగ్రాములకు మాత్రం అదే భాగంలోని డీపీఐ అమరిక ఉపయోగపడుతుంది.

నమోదులు కనిపించకుండా పోయే సందర్భం

ప్రోగ్రాము ఆగిపోవడం కంటె, బాగానే నడుస్తున్నట్లు కనిపిస్తూ రికార్డులను తారుమారు చేయడం ప్రమాదకరం. ఎక్స్‌పీ కాలంలో కంప్యూటరు వాడేవారందరికీ సాధారణంగా అడ్మినిస్ట్రేటరు హక్కులు ఉండేవి. అందువల్ల ఆనాటి ప్రోగ్రాములు తమ డేటాను ప్రోగ్రామ్ ఫైల్స్ అనే ఫోల్డరులోనే వ్రాసుకొనేవి. 2007 జనవరిలో విడుదలైన విస్టా నుండి ఆ ఫోల్డరులో సాధారణ హోదాలో వ్రాయడానికి అనుమతి లేదు. అయితే పాత ప్రోగ్రాములు ఆగిపోకుండా ఉండేందుకు, 32 బిట్ ప్రోగ్రాము అక్కడ వ్రాయబోయినప్పుడు, ఆ వ్రాతను ఎవరికీ తెలియకుండా వర్చువల్‌స్టోర్ అనే మరొక ఫోల్డరుకు మళ్ళించే ఏర్పాటును విండోస్‌లో చేశారు. ఈ వర్చువల్‌స్టోర్ ప్రతి వినియోగదారునికీ వేరువేరుగా ఉంటుంది.

దీని ఫలితాన్ని గమనించవలసి ఉన్నది. ఒకే కంప్యూటరులో ఇద్దరు ఉద్యోగులు తమ తమ పేర్లతో ప్రవేశించి ఒకే ప్రోగ్రామును వాడితే, ఒకరు చేసిన నమోదులు రెండవవారికి కనిపించవు. ఇద్దరి రిజిస్టర్లూ క్రమంగా వేరైపోతాయి. ప్రతి శనివారం ప్రోగ్రామ్ ఫైల్స్‌లోని ఫోల్డరును బ్యాకప్ తీస్తున్నామని నిశ్చింతగా ఉన్న కార్యాలయం నిజానికి మార్పు జరిగిన నాటి పాత ఫైలునే పదే పదే నకలు తీస్తుంటుంది. అన్నిటికీ మందుగా ప్రోగ్రామును అడ్మినిస్ట్రేటరుగా నడపమనే సలహా తరచుగా వినవస్తుంది. ఇక్కడ ఆ సలహా కీడే చేస్తుంది. అడ్మినిస్ట్రేటరుగా నడిపినప్పుడు ఈ మళ్ళింపు వర్తించదు కనుక ప్రోగ్రాము అసలు ఫోల్డరులోని పాత ఫైలును తెరుస్తుంది. అంతవరకు చేసిన నమోదులన్నీ ఒక్కసారిగా మాయమైనట్లు కనిపిస్తుంది. అవి ఎక్కడికీ పోవు. వినియోగదారుని ఫోల్డరులో సాధారణంగా కనిపించకుండా ఉండే యాప్‌డేటా, దానిలో లోకల్, అందులో వర్చువల్‌స్టోర్ క్రమంగా తెరిచి చూస్తే ఫైలు దొరుకుతుంది. ఈ విషయం తెలియక ఖాళీగా కనిపించిన రిజిస్టరులో మొదటి నుండి నమోదులు ప్రారంభిస్తే రెండు లెక్కలను కలపడం మరింత కష్టమవుతుంది.

నివారణ సులభం. ఇటువంటి ప్రోగ్రామును ప్రోగ్రామ్ ఫైల్స్‌లో కాక విడిగా ఏర్పరచిన ఫోల్డరులో ఇన్‌స్టాల్ చేసి, ఆ ఒక్క ఫోల్డరుకు మాత్రం సంబంధిత సిబ్బందికి వ్రాసే అనుమతి ఇవ్వవలసి ఉంటుంది.

తేదీల విషయంలోనూ ఇటువంటి నిశ్శబ్ద దోషం ఏర్పడుతుంది. కొత్తగా ఇన్‌స్టాల్ చేసిన విండోస్‌లో ప్రాంతీయ అమరిక అమెరికా పద్ధతిలో ఉంటే నెల ముందు, రోజు తరువాత వస్తాయి. విజువల్ బేసిక్‌లో వ్రాసిన పాత ప్రోగ్రాములలో 03-04-1985 అనే పుట్టిన తేదీ ఏప్రిల్ 3కు బదులు మార్చి 4గా మారిపోయే అవకాశం ఉన్నది. 25-04-1985 వంటి తేదీలో 25వ నెల లేదు కనుక ప్రోగ్రాము దానిని సరిగానే గ్రహిస్తుంది. కొన్ని తేదీలు సరిగా, కొన్ని తప్పుగా ఉండడం వల్ల పొరపాటు వెంటనే బయటపడదు. మొదటి నమోదుకు ముందే ప్రాంతీయ అమరికను భారతదేశానికి మార్చుకోవడం అవసరం.

సహాయక ఫైళ్ళు, ప్రింటర్లు, బ్రౌజర్లు

ఏదో ఒక డీఎల్ఎల్ లేక ఓసీఎక్స్ ఫైలు లేదనే సందేశం వస్తే భయపడవలసిన పని లేదు. అది సులభంగా తీరే సమస్య. డాట్‌నెట్ 2.0, 3.0, 3.5 మీద ఆధారపడిన ప్రోగ్రాములకు కంట్రోల్ ప్యానెల్‌లోని విండోస్ ఫీచర్ల జాబితాలో డాట్‌నెట్ 3.5ను ఎంచుకొంటే సరిపోతుంది. విజువల్ బేసిక్ 6కు అవసరమైన ప్రధాన ఫైళ్ళు విండోస్ 11లోనూ ఉన్నాయి; పట్టికలు, జాబితాలు చూపే అదనపు ఫైళ్ళను మాత్రం ప్రోగ్రాము తయారీదారు ఇచ్చిన సీడీ నుండే ఇన్‌స్టాల్ చేసుకోవాలి. ఇంటర్నెట్‌లో ఊరూపేరూ లేని చోట్ల దొరికే డీఎల్ఎల్ ఫైళ్ళను తెచ్చుకొంటే వాటితో వైరస్‌లు కూడా వచ్చే ప్రమాదం ఉన్నది.

డ్రైవర్ల విషయంలో ఇంతటి వెసులుబాటు లేదు. 64 బిట్ విండోస్‌లో 32 బిట్ డ్రైవరు పనిచేయదు. 64 బిట్ విస్టా నుండి డిజిటల్ సంతకం లేని డ్రైవర్లను కూడా విండోస్ సాధారణంగా అంగీకరించదు. పారలల్ పోర్టుకు తగిలించే తాళపు పరికరంతో మాత్రమే తెరుచుకొనే అకౌంట్ల ప్రోగ్రాములకు ఈ కారణంగానే ఇబ్బంది ఏర్పడుతుంది. దీనికి తయారీదారు నుండి కొత్త డ్రైవరు గాని, కొత్త తాళం గాని పొందడం మినహా వేరు మార్గం లేదు. తాళాన్ని తప్పించే అనధికార ప్రోగ్రాములను కార్యాలయాలు దరిచేరనీయరాదు.

ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ కోసం తయారైన వెబ్ పేజీలకు కొంత గడువు ఉన్నది. ఆ బ్రౌజరుకు విండోస్ 10లో 2022 జూన్ 15న స్వస్తి పలికినప్పటికీ, ఎడ్జ్ బ్రౌజరులోని ఐఈ మోడ్‌ను కనీసం 2029 వరకు కొనసాగిస్తామని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. ఫ్లాష్ మీద ఆధారపడిన పేజీలకు ఆ అవకాశం కూడా లేదు. 2020 డిసెంబరు 31తో దాని మద్దతు పూర్తిగా ముగిసింది.

పాత వ్యవస్థను వెంట ఉంచుకోవడం

విండోస్ 10 నుండి 11కు మారిన తరువాత ముఖ్యమైన ప్రోగ్రాము పనిచేయకపోతే, 10 రోజుల లోపల సెట్టింగ్స్‌లోని రికవరీ భాగం ద్వారా వెనుకకు మళ్ళవచ్చును. ఆ తరువాత పాత విండోస్ ఫైళ్ళను కంప్యూటరు తొలగిస్తుంది. నెలాఖరు బిల్లుల ప్రోగ్రామును నెలాఖరున తెరిచి చూస్తే ఈ గడువు దాటిపోయి ఉంటుంది. కనుక అరుదుగా వాడేవాటితో సహా ప్రతి ప్రోగ్రామునూ మొదటి రోజులలోనే తెరిచి, ఒక నమోదు చేసి, ఒక కాగితం ముద్రించి చూడడం మంచిది. అన్ని కంప్యూటర్లనూ ఒకేసారి మార్చకుండా ముందుగా ఒకదానిని మార్చి పరిశీలించడం ఇంకా మంచిది.

ఏ విధంగానూ నడవని ప్రోగ్రాము కోసం, పాత విండోస్ యావత్తును కొత్త కంప్యూటరు లోపల ఒక వర్చువల్ యంత్రంగా నడిపే పద్ధతి ఉన్నది. ఇందుకు వర్చువల్‌బాక్స్, విండోస్ ప్రో వెర్షన్‌లలో ఉండే హైపర్-వీ ఉపయోగపడతాయి. లోపలి పాత విండోస్‌కు కూడా లైసెన్సు అవసరమే. దానికి ఇంటర్నెట్ సంబంధం ఇవ్వరాదు. ఇస్తే కంప్యూటరును మార్చిన ప్రయోజనమే నెరవేరదు.

రికార్డులను బయటకు తీయడం, తెలుగు అక్షరాల సమస్య

ప్రోగ్రాము నడవకపోయినా దాని డేటాను చదవగలగడం చాలా సందర్భాలలో సాధ్యమే. డీబేస్, ఫాక్స్‌ప్రో ప్రోగ్రాములు వాడిన డీబీఎఫ్ ఫైళ్ళ నిర్మాణం బహిరంగంగా తెలిసినదే. లిబ్రేఆఫీస్ క్యాల్క్ వంటి ఉచిత ప్రోగ్రాములు వీటిని తెరుస్తాయి. ఎప్పుడూ నకలునే తెరవాలి. ఈ ఫైళ్ళలో తొలగించిన రికార్డు వెంటనే చెరిగిపోదు. దాని ముందు ఒక గుర్తు మాత్రమే పడుతుంది. ఆ గుర్తును గమనించని ప్రోగ్రాములో తెరిస్తే ఏనాడో తొలగించిన పేర్లు మళ్ళీ జాబితాలోకి వస్తాయి. కనుక పాత ప్రోగ్రాము చూపిన మొత్తం సంఖ్యను ముందుగా వ్రాసి ఉంచుకొని పోల్చుకోవాలి. దీర్ఘమైన వ్యాఖ్యలు ఎఫ్‌పీటీ లేక డీబీటీ అనే జత ఫైలులో ఉంటాయి కనుక దానిని కూడా నకలు తీయడం మరువరాదు. యాక్సెస్ 97 ఫైళ్ళను యాక్సెస్ 2013, ఆ తరువాతి వెర్షన్‌లు తెరవవు. యాక్సెస్ 2010 లేక అంతకు ముందటి దానిలో మార్చుకోవలసి ఉంటుంది.

తెలుగు రికార్డుల విషయంలో మరొక మెట్టు ఉన్నది. డాస్ కాలంలో సీడాక్ సంస్థ జిస్ట్ కార్డుతో నమోదు చేసిన తెలుగు సాధారణంగా ఇస్కీ సంకేతాలలో ఉంటుంది. ఇది 1991లో భారతీయ ప్రమాణంగా వెలువడింది. ఇస్కీలో అక్షరాలు మనం పలికే క్రమంలోనే ఉంటాయి. యూనికోడ్‌లోని భారతీయ లిపుల అమరికకు కూడా దీని పూర్వరూపమే ఆధారం కనుక మార్పిడి సాఫీగా జరుగుతుంది.

విండోస్ కాలంలో డీటీపీ ఫాంట్లతో టైపు చేసిన తెలుగు స్థితి వేరు. వాటిలో తెలుగు అక్షరాలు ఇంగ్లీషు అక్షరాల స్థానాలలో కూర్చున్నాయి. తలకట్టు ఒక సంకేతం, గుడి ఒక సంకేతం, ఒత్తు ఒక సంకేతంగా, ముద్రణలో కనిపించే ముక్కల క్రమంలో ఫైలు తయారైంది. ఫాంటు లేకపోతే ఆ ఫైలుకు అర్థమే లేదు. ఉన్నా అందులో పేరును వెదకడం, అకారాది క్రమంలో పేర్చడం సాధ్యం కాదు. పైగా ఒక్కొక్క తయారీదారు ఒక్కొక్క పద్ధతిని పాటించినందున ఏ ఫాంటుతో టైపు చేశారో తెలియనిదే మార్పిడి ప్రారంభించలేరు. పాత కంప్యూటరు నుండి డేటాతో పాటు ఫాంట్ల ఫోల్డరును కూడా తప్పక నకలు తీయవలసినది అందుకే.

యూనికోడ్‌లో ఉన్న దస్త్రాలకు ఈ ప్రమాదం లేదు. అయితే ఎక్స్‌పీతో 2001లో వచ్చిన గౌతమి, ఆ తరువాత వచ్చిన వాణి ఫాంట్లు విండోస్ 10, 11లలో ఐచ్ఛిక అంశాలుగా మారాయి. అవి లేనిచోట నిర్మల ఫాంటు వాటి స్థానంలో కనిపించి, పంక్తులు, పుటలు జరిగిపోతాయి. సెట్టింగ్స్‌లోని ఆప్షనల్ ఫీచర్స్ జాబితా నుండి తెలుగు అనుబంధ ఫాంట్లను చేర్చుకొంటే దస్త్రం పూర్వరూపానికి వస్తుంది.

ఫాంటు సంకేతాల నుండి యూనికోడ్‌కు మార్చిన జాబితాను యథాతథంగా స్వీకరించరాదు. జంట ఒత్తులు, క్షకారం, బండి ఱ, విసర్గ ఉన్న చోట్ల దోషాలు ఎక్కువగా దొర్లుతాయి. ఒత్తు పక్క అక్షరానికి మారితే ఇంటిపేరే మారిపోతుంది. పాత ముద్రిత ప్రతి దొరికితే ఒకరు చదువుతుండగా మరొకరు తెరపై సరిచూచుకొనే పాత పద్ధతి ఇక్కడ ఎంతగానో అక్కరకు వస్తుంది. సరిచూచిన వారి పేరు, తేదీ నమోదు చేసి, మార్చిన ఫైలుతో పాటు అసలు ఫైలును, ఆ ఫాంటును ఒకేచోట మార్పులకు వీలులేని విధంగా భద్రపరచవలసి ఉంటుంది. మార్పిడిలో దొర్లిన పొరపాటు పదేళ్ళ తరువాత ఒక దరఖాస్తుదారు వచ్చి అడిగినప్పుడు బయటపడితే, తిరిగి చూచుకోవడానికి అసలు ఫైలు తప్ప వేరొక ఆధారం మిగలదు.